మూత మీద క్యూఆర్ కోడ్ వేయించే ముందు

చి. లక్ష్మికి పెదనాన్న ఆశీస్సులు.

పచ్చళ్ళ సీసాలకు కొత్త లేబుళ్ళు కొట్టిస్తున్నావనీ, వాటి మీద క్యూఆర్ కోడ్ కూడా ఉండాలంటున్నావనీ మీ నాన్న చెప్పాడు. తప్పకుండా వేయించు, కానీ అలంకారానికి మాత్రం వద్దు. పచ్చడి అయిపోవస్తున్నప్పుడు సీసా కొన్నవాళ్ళ వంటింట్లో ఉంటుంది. మళ్ళీ తెప్పించాలనిపించేది అప్పుడే. ఆ నిమిషంలో స్కాన్ చేస్తే నేరుగా నీ వాట్సాప్ తెరుచుకోవాలి. అందులో "మాగాయ అరకిలో కావాలి" అని ముందే రాసి ఉండాలి. వాళ్ళు పంపిస్తే చాలు. వెబ్‌సైట్ మొదటి పేజీలో వదిలేస్తే మాగాయ ఎక్కడుందో వెతికే ఓపిక ఎవరికీ ఉండదమ్మా.

వాట్సాప్ లింకులో 91 తర్వాత నీ నంబరు వస్తుంది, ముందు ప్లస్ గుర్తు గానీ సున్నా గానీ ఉండకూడదు. అయితే ఆ లింకును ఉన్నదున్నట్టు కోడ్‌లో పెట్టకు. లింకులో తెలుగు మాట పెడితే ఒక్కో గుర్తుకూ తొమ్మిది అక్షరాలు పడతాయి ("కా" అంటే క, దీర్ఘం కలిసి రెండు గుర్తులు). "ఆవకాయ" ఒక్కటే 45 అక్షరాలవుతుంది. లింకు పొడుగయ్యేకొద్దీ కోడ్‌లో గళ్ళు పెరుగుతాయి. 150 అక్షరాల లింకుకు వరసకు 57 గళ్ళు పట్టవచ్చు. 2.5 సెంటీమీటర్ల కోడ్‌లో అప్పుడు ఒక్కో గడి అర మిల్లీమీటరు కూడా ఉండదు, సిరా కాస్త పాకినా కలిసిపోతాయి.

అందుకని చిన్న పేరుతో ఒక డొమైన్, అంటే నీ సొంత వెబ్ చిరునామా, కొనుక్కో. దాని కింద మాగాయకొకటి, గోంగూరకొకటి పొట్టి లింకులు పెట్టి, అక్కడి నుంచి వాట్సాప్‌కు మళ్ళించు. లింకు మొత్తం 20 అక్షరాలు దాటకపోతే 25 గళ్ళతో సరిపోతుంది, గడికి మిల్లీమీటరు దక్కుతుంది. రేపు ఫోన్ నంబరు మారినా మళ్ళింపు మార్చుకుంటే చాలు, అమ్మేసిన సీసాలు కూడా పనిచేస్తాయి. ఉచితంగా కోడ్ చేసిచ్చే సైట్లలో కొన్ని తమ లింకునే మధ్యలో పెడతాయి. గడువు తీరాక డబ్బు కట్టకపోతే ఆ కోడ్ ఆగిపోతుంది. నేను మరీ మరీ చెప్పేది ఇదే: లింకు నీ చేతిలో ఉండాలి.

కోడ్‌ను మూత మీదే వేయించు. సీసా పక్కన వేస్తే వంపులో అంచులు తిరిగిపోతాయి. నూనె మరకలు తప్పవు కాబట్టి దిద్దుబాటు స్థాయి (ఎర్రర్ కరెక్షన్) క్యూ పెట్టమను, అప్పుడు కోడ్ దాదాపు పావు వంతు చెడినా ఫోను చదవగలుగుతుంది. మధ్యలో లోగో పెడితే ఆ వెసులుబాటంతా లోగోకే పోతుంది. చుట్టూ నాలుగు గళ్ళంత తెల్లటి ఖాళీ వదలాలి. డిజైనర్లు బార్డరు గీసేది సరిగ్గా అక్కడే, ఒప్పుకోకు. నలుపు తెలుపు మీదే ఉండాలి. పసుపు మీద ఎరుపు ముద్దుగా ఉన్నా కెమెరాకు తేడా తెలియకపోవచ్చు. ప్రెస్సుకు కోడ్‌ను జేపీజీ ఫైలుగా కాకుండా ఎస్‌వీజీ గానీ పీడీఎఫ్ గానీ పంపు. లామినేషన్ మెరవనిదే అడుగు.

మొత్తం కొట్టించేముందు ఒక్క షీటు అసలు సైజులో తీయించు. మూతకు అంటించి, నూనె వేలు రాసి, రాత్రి ట్యూబులైటు కింద ఇంట్లో ఉన్న పాత ఫోనుతో చూడు. ఖరీదైన ఫోను ఎలాంటి కోడ్‌నైనా చదివేస్తుంది, దాన్ని నమ్ముకోకు.

గల్లా దగ్గర యూపీఐ కోడ్ పక్కనే దీన్ని పెట్టావంటే జనం ఫోన్‌పే తెరిచి స్కాన్ చేసి, పనిచేయట్లేదంటారు. దూరంగా పెట్టి, "మళ్ళీ ఆర్డరుకు: ఫోన్ కెమెరాతో స్కాన్ చేయండి" అని పెద్ద అక్షరాల్లో రాయించు. ఏమీ రాయని కోడ్‌ను ఎవరూ ముట్టుకోరు. బోర్డు మీదైతే చూసే దూరంలో పదో వంతు సైజు కావాలి, మూడు మీటర్ల నుంచి చూసేదానికి 30 సెంటీమీటర్లు. బండి వెనక మాత్రం వద్దు, నడిపేవాళ్ళు ఫోను తీయకూడదు.

మూతకొక లింకు, కరపత్రానికొకటి, అమెరికా పార్సిల్లో వేసే కార్డుకొకటి వేరుగా ఉంచు. ఎన్నిసార్లు స్కాన్ చేశారన్నది ఒక లెక్క, ఎన్ని ఆర్డర్లొచ్చాయన్నది ఇంకో లెక్క, రెండూ పక్కపక్కన రాసుకో. స్కాన్లు ఉండి ఆర్డర్లు లేకపోతే, కోడ్ బాగానే ఉంది, తెరుచుకున్న చోట ధరో డెలివరీ చార్జీయో అడ్డుపడుతోందన్నమాట.

డొమైన్ నీ పేరు మీద, నీ ఈమెయిల్‌తోనే తీసుకో. రెన్యువల్ తేదీ క్యాలెండర్లో రాసిపెట్టు. షీటు వచ్చాక ఫోటో పంపు, చూస్తాను.

మీ పెదనాన్న