అత్తగారి మంచం, బుధవారం అన్నం పొట్లాలు

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లె. నాకు 46 ఏళ్లు. ఆరేళ్లుగా మా సంఘం స్త్రీలమంతా ప్రతి బుధవారం గుంటూరు పెద్దాసుపత్రి దగ్గర రోగుల తాలూకు వాళ్లకు అన్నం పొట్లాలు పంచుతున్నాం. నాలుగు నెలల కిందట మా అత్తగారు పక్షవాతంతో మంచాన పడ్డారు. ఆవిడ మా విశ్వాసంలోకి రాలేదు. ‘నా తల దువ్వే తీరిక లేదు గానీ ఊళ్లోవాళ్లకు వండిపెడుతుంది’ అని చూడవచ్చిన వాళ్లందరితో అంటున్నారు. పరిచర్య మానెయ్యమని మా వారి పోరు. రేపు ప్రభువు ముందు నిలబడితే చూపించుకోవడానికి నాకున్నవి ఆ బుధవారాలే. ఇంటి చాకిరీతోనే సరిపెట్టుకుంటే నిత్యత్వానికి నాకేం మిగులుతుంది?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ‘చూపించుకోవడానికి’ అనే మాట దగ్గరే నేను ఆగిపోయాను. మత్తయి సువార్త 25వ అధ్యాయం మీకు కంఠతా వచ్చే ఉంటుంది. ఆకలిగొన్నవాళ్లకు అన్నం పెట్టినవాళ్లు అక్కడ రాజును ఏమడిగారు? ‘ప్రభువా, నిన్నెప్పుడు చూశాం, నీకెప్పుడు పెట్టాం?’ అని. వాళ్లకే గుర్తు లేదు. ఎన్ని పొట్లాలు, ఎన్ని బుధవారాలు అని లెక్క రాసుకున్నవాళ్లు అడిగే ప్రశ్న కాదది. నిత్యత్వాన్ని మనసులో పెట్టుకుని బతకడమంటే అక్కడి ఖాతా ఇక్కడ కూర్చుని రాసుకోవడమని నేననుకోను.

మార్కు 7లో ఇంకో సంగతి ఉంది. అమ్మానాన్నలకు ఖర్చుపెట్టాల్సిన దాన్ని ‘ఇది కొర్బాను, దేవునికి ఇచ్చేశాం’ అని చేతులు దులుపుకునేవాళ్లను యేసు గట్టిగానే మందలించాడు. మిమ్మల్ని ఆ జాబితాలో వేయడం లేదు. కానీ నేనొకప్పుడు వేసుకోవాల్సి వచ్చింది. మా సంఘంలో స్త్రీల సమాజం కార్యదర్శిగా ఉన్న రోజుల్లో మా నాన్న కళ్లజోడు కాడ విరిగింది. క్రిస్మస్ నాటిక రిహార్సల్స్ హడావిడిలో, ‘రేపు, రేపు’ అంటూ మూడు వారాలు గడిపేశాను. ఓ రోజు చూస్తే కాడకు తెల్లదారం చుట్టి, చెవికి కట్టుకుని బైబిలు చదువుకుంటున్నాడు. ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

ఇక మీ ఆయన సంగతి. సొంత ఇంటివాళ్లను చూసుకోనివాడు అవిశ్వాసి కన్నా చెడ్డవాడని 1 తిమోతి 5:8ని మనవాళ్లు కోడళ్ల ముందే చదువుతారు, ఎందుకో మరి! నాలుగు వచనాలు పైకి వెళ్లి చూడండి. విధవరాలైన తల్లి బాధ్యతను పౌలు పెట్టింది పిల్లల మీద, మనవల మీద. మీ మామగారు ఉన్నారో లేదో మీరు రాయలేదు గానీ, ఆవిడ మీ ఆయనకు కన్నతల్లి. కాబట్టి పరిచర్య మానొద్దు. వారం వారం వీలుకాకపోతే కొన్నాళ్లు రెండు వారాలకోసారి వెళ్లండి. వెళ్లిన రోజు మంచం దగ్గర ఆయన ఉండాలి. ‘నాకు చేతకాదు’ అంటారు. నేర్పండి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే ఒళ్లు ఒరిసి పుండ్లు పడతాయి. నడుము కింద, తుంటి దగ్గర, మడమల మీద చర్మం ఎర్రబడిందేమో రోజూ చూడాలి. వేలితో నొక్కినా ఎరుపు పోకపోతే డాక్టరుకు చెప్పాలి. గాలి పరుపు వేస్తే కాస్త మేలు, అయినా తిప్పడం తప్పదు.

మీ గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి తెలియనివాళ్లు ఉండరు కదా. ఆ అన్నా కుగ్లర్ 1883లో డాక్టరు చదువుతోనే అమెరికా నుంచి వచ్చింది. అయినా మిషను వాళ్లు మొదట ఆమెకు అప్పగించింది ఇళ్లల్లో ఉండే ఆడవాళ్లకు చదువు చెప్పే పని. ఆ పని వదల్లేదు, వైద్యమూ మానలేదు. రెండేళ్లకు గానీ ఆమెను వైద్య మిషనరీగా నియమించలేదు. ఆసుపత్రి తెరిచింది 1898లో. అంటే ఆ కట్టడం లేవక ముందు పదిహేనేళ్లున్నాయి. పేరు కట్టడానికే మిగిలింది, నాకైతే ఆ పదిహేనేళ్ల మీదే గౌరవం ఎక్కువ.

అత్తగారు మీ విశ్వాసంలోకి రాలేదన్నారు. ఆవిడ మంచాన్ని సువార్త కూడిక చేయకండి. కదల్లేని మనిషి లేచి వెళ్లిపోలేదు కదా, ఆ వీలును వాడుకోవడం న్యాయం కాదు. అడిగితే ప్రార్థన చేయండి.

ఆవిడ అడిగింది ఒక్కటే, తల దువ్వమని. వచ్చే బుధవారం అన్నం గిన్నెలు ఆటో ఎక్కించే ముందు ఓ పావుగంట ఆవిడ దగ్గర కూర్చోండి. కొబ్బరినూనె కాస్త గోరువెచ్చగా చేసి పెట్టండి. నాలుగు నెలల చిక్కు ఒక్కపూటకు విడదు, కొసల నుంచి మొదలుపెట్టండి.