ఇన్‌సైడ్ అవుట్ 2 మొదటి భాగం అంత బాగుంటుందా?

అంత కాదు, కానీ చూడాల్సిన యానిమేషన్ సినిమానే. 2015లో పీట్ డాక్టర్ తీసిన మొదటి భాగంలో పదకొండేళ్ల అమ్మాయి రైలీ బుర్రలో ఆనందం, బాధ, కోపం, భయం, అసహ్యం పాత్రలుగా తిరుగుతుంటే ఆ ఆలోచనే కొత్తగా అనిపించింది, రైలీ చిన్నప్పటి ఊహల్లోని నేస్తం బింగ్ బాంగ్ కనుమరుగైపోయే సీన్‌కి పెద్దవాళ్లు కూడా కళ్లు తుడుచుకున్నారు. 2024లో కెల్సీ మాన్ తీసిన రెండో భాగానికి ఆ కొత్తదనం ఉండదు కదా. పైగా కథ నడక కూడా అదే, ఆనందం మళ్లీ రైలీ బుర్రని నడిపే కంట్రోల్ రూమ్‌కి దూరమై తిరిగి రావాలి. ఈసారి రైలీకి 13 ఏళ్లు, కొత్తగా యాంగ్జైటీ (ఆందోళన), అసూయ, సిగ్గు, విసుగు వచ్చి చేరాయి. సినిమాని మోసింది యాంగ్జైటీ ఒక్కటే, మిగతా మూడూ (సోఫా దిగని ఆ విసుగుతో సహా) నవ్వులకే. అయితే హాకీ ఆట మధ్యలో రైలీకి ఊపిరాడక గుండె దడదడలాడే సీన్ ఉందే, అది మొదటి భాగంలో దేనికీ తీసిపోదు, టెన్షన్ లోపల్నుంచి ఎలా ఉంటుందో అంత సూటిగా పిల్లల సినిమాలో చూపించడం అరుదు. టీనేజ్ పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ఐదారేళ్ల వాళ్లకి మాత్రం రంగులే తప్ప సగం కథ అర్థం కాదు.