బరువు తగ్గాను, మళ్లీ పెరిగాను.. ఈసారి తగ్గింది నిలబడాలంటే ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 42. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. రెండేళ్ల కిందట 72 కిలోలు ఉన్నప్పుడు అన్నం పూర్తిగా మానేసి, ఎక్కువగా ద్రవాహారం మీదే ఉండి మూడు నెలల్లో 11 కిలోలు తగ్గాను. అప్పుడు జుట్టు విపరీతంగా ఊడింది. తిరిగి అన్నం మొదలుపెట్టిన ఏడాదికల్లా తగ్గిందంతా వచ్చేసి, మరో రెండు కిలోలు పెరిగాను. థైరాయిడ్‌కు 50 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటున్నాను. మెట్లెక్కుతుంటే మోకాళ్లు నొప్పి పెడుతున్నాయి. మా అమ్మకు షుగర్ ఉంది. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు వారానికోసారి ఇంజెక్షన్ తీసుకుని బాగా తగ్గింది. నేను కూడా వాడవచ్చా? లేకపోతే మళ్లీ అన్నం మానేయాలా? ఇంట్లో నలుగురికి వండాలి కాబట్టి నాకంటూ వేరే వంట చేసుకోవడం కుదరదు. - ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అన్నం మానేయవద్దు, తగ్గించండి. ఇంజెక్షన్ సంగతి చివర్లో వివరంగా చెబుతాను. అది మీకు నిషిద్ధమేమీ కాదు గానీ, ఇవాళ మొదలుపెట్టవలసిన పని మాత్రం అది కాదు. వేరే వంట కుదరదని మీరు చివర్లో రాసిన మాటే నాకు అన్నింటికన్నా ముఖ్యంగా కనిపించింది. మీ ఇంటి వంటతో, మీ బడి వేళలతో పొసగని పద్ధతి ఏదైనా మూడు నెలలకు మించి సాగదు. అందుకే నేను చెప్పేవన్నీ ఇంటిల్లిపాదికీ వండే వంటలోనే చేసుకోగలిగిన మార్పులు.

ముందుగా, పోయిన బరువు ఎందుకు తిరిగి వచ్చిందో తెలుసుకోవాలి. తెలియకపోతే ఆ నింద మీ మీదే వేసుకుంటారు. నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది ‘నాకు నిగ్రహం లేదు డాక్టర్’ అంటూనే మాట మొదలుపెడతారు, అది వినడానికి నాకు బాధగా ఉంటుంది. అన్నం హఠాత్తుగా ఆపేసినప్పుడు కాలేయంలోనూ, కండరాల్లోనూ నిల్వ ఉన్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం ఖర్చైపోతుంది. దాన్ని అంటిపెట్టుకుని ఉండే నీరు కూడా దానితోపాటే పోతుంది. మొదటి పది రోజుల్లో కాటా మీద మురిపించే తగ్గుదలలో చాలా భాగం ఈ నీరే. ఆ తర్వాత కొవ్వు కరుగుతుంది, కానీ తగినంత మాంసకృత్తులు అందకపోతే కండ కూడా కరుగుతుంది. కండ తగ్గితే శరీరం ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చు చేసే శక్తి తగ్గుతుంది. దీనికి తోడు ఆకలిని పెంచే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువై, ఒంట్లో కొవ్వు నిల్వ చాలినంత ఉందని మెదడుకు తెలిపే లెప్టిన్ హార్మోన్ పడిపోతుంది. ఆస్ట్రేలియాలో స్థూలకాయులకు పది వారాల పాటు అతి తక్కువ కేలరీల ఆహారం ఇచ్చి పరిశీలించిన అధ్యయనం 2011లో వెలువడింది. బరువు తగ్గిన ఏడాది తర్వాత కూడా వాళ్లలో ఆకలి హార్మోన్లు పూర్వస్థితికి రాలేదని అందులో తేలింది. అంటే మీరు అన్నం మొదలుపెట్టే నాటికి మీ శరీరం మునుపటికన్నా ఎక్కువ ఆకలితో, తక్కువ ఖర్చుతో ఉంది. జుట్టు రాలడం కూడా ఆ తీవ్రమైన కోత ఫలితమే. అలా ఊడిన జుట్టు సాధారణంగా కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది.

మీ ఎత్తుకు 74 కిలోలంటే బీఎమ్‌ఐ (ఎత్తుకు బరువు ఎంత ఉందో చూపే సూచిక) 31కి దగ్గరగా ఉంది. మన దేశీయులకు 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే స్థూలకాయంగా పరిగణిస్తాం. ఎందుకంటే మనవాళ్లలో తక్కువ బరువుకే పొట్ట చుట్టూ కొవ్వు చేరి మధుమేహం వస్తుంది. స్త్రీలకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటకూడదు. ఇది చదివి 60 కిలోలకు దిగిపోవాలని లక్ష్యం పెట్టుకోకండి. మొదటి మెట్టు 70 కిలోలు. దానికి మూడు నాలుగు నెలలు పట్టనివ్వండి. నాలుగు కిలోలేనా అని నిరుత్సాహపడనక్కర లేదు, ఎందుకంటే మోకాళ్ల నొప్పి ఉన్నవారిలో ఒక కిలో తగ్గితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద పడే భారం దాదాపు నాలుగు కిలోలు తగ్గుతుంది. షుగర్ వచ్చే దశకు చేరువలో ఉన్న మూడు వేల మందికి పైగా అమెరికన్ల మీద జరిగిన పరిశోధన 2002లో వెలువడింది. ఏడు శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో, సుమారు మూడేళ్ల కాలంలో, మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. మీ అమ్మగారికి షుగర్ ఉంది కాబట్టి ఈ సంఖ్య మీకు గుర్తుండాలి.

ఇక వంటింట్లోకి వెళదాం. రోజుకు 400 నుంచి 500 కేలరీలు తగ్గించుకోగలిగితే వారానికి సుమారు అర కిలో తగ్గే అవకాశం ఉంటుంది. అంతకన్నా వేగం వద్దు. రైస్ కుక్కర్‌తో పాటు ఇచ్చే కొలత కప్పు నిండా బియ్యం పోస్తే సుమారు 150 గ్రాములు, అంటే 500 కేలరీలకు పైమాటే. మీ ఒక్కరి భాగానికి పూటకు ఎంత బియ్యం పడుతోందో ఒక వారం కొలిచి చూడండి. కంచంలో పెట్టుకునేటప్పుడు మనకు లెక్క తెలియదు, కొలత కప్పు దగ్గరే తెలుస్తుంది. మధ్యాహ్నం ఒక కప్పు బియ్యపు అన్నం తింటున్నవారు అర కప్పుకు తగ్గిస్తే అక్కడే 250 కేలరీలకు పైగా తగ్గుతాయి. ఆ ఖాళీని నీళ్లతో నింపుకోవద్దు, కూరతో నింపండి. ఇప్పటివరకు అన్నంలో కూర కలుపుకుంటున్నాం, ఇకమీదట కూరలో అన్నం కలుపుకోవాలి. బీర, సొర, దొండ, బెండ, గోరుచిక్కుడు, తోటకూర, గోంగూర ఏవైనా సరే, కంచంలో అన్నానికి రెట్టింపు ఉండాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు అవసరమని చెబుతున్నాయి. నలుగురి ఇంటికి పూటకు పావుకిలో కూర వండుకుంటే అందులో మూడో వంతు కూడా అందదు.

కూర ఎక్కువ తినమంటే కొందరి ఇంట్లో నూనె ఎక్కువ పడుతుంది, అక్కడే లెక్క తప్పుతుంది. చెంచాలు లెక్కపెట్టమని నేను చెప్పను, నెల సరుకుల చీటీ చూడమంటాను. నలుగురికి నెలకు ఐదు లీటర్ల డబ్బా ఖర్చవుతుంటే మనిషికి రోజుకు 38 గ్రాములు, అంటే 340 కేలరీలు నూనె నుంచే అందుతున్నాయని అర్థం. నెయ్యి, కొబ్బరి, పల్లీ పచ్చడి ఇందులో చేరలేదు. దాన్ని మూడు లీటర్ల లోపుకు తీసుకురండి. వేపుళ్లు వారానికి ఒకటి రెండుసార్లకు పరిమితం చేసి, మిగతా రోజుల్లో కూరను మూతపెట్టి మగ్గించి, చివర్లో తాలింపు వేస్తే రుచి పోదు. ఆవకాయ మానేయమనను. మొదటి ముద్దకు చాలు, నాలుగు ముద్దలకు వద్దు. పచ్చడిలోని నూనె, ఉప్పు ఎంత సమస్యో, దానితో తెలియకుండా దిగిపోయే అన్నం అంతకన్నా పెద్ద సమస్య. టీలో రెండు చెంచాల చక్కెర వేసుకుంటూ రోజుకు మూడుసార్లు తాగేవారికి 120 కేలరీలు అక్కడే పడతాయి. దాన్ని సగం చేసుకోవచ్చు.

అన్నం బదులు కొర్రలు, సామలు తింటే ఎంత తిన్నా ఫర్వాలేదని చాలామంది నమ్ముతున్నారు. వాటిలో పీచు ఎక్కువ, మంచివే. కానీ గ్రాముకు గ్రాము కేలరీలు బియ్యంతో దాదాపు సమానం. జొన్న రొట్టె వల్ల మేలు జరిగేది రెండు రొట్టెలతో ఆగగలం కాబట్టి, నమిలి తింటాం కాబట్టి. ఇష్టమైతే రాత్రి పూట చేసుకోండి, లేకపోతే అర కప్పు బియ్యపు అన్నంతోనే ఉండండి.

మాంసకృత్తుల విషయంలో మాత్రం నేను పట్టుబడతాను, ఎందుకంటే పోయినసారి మీరు నష్టపోయింది ఇక్కడే. మీకు రోజుకు సుమారు 60 గ్రాములు కావాలి. రెండు గుడ్లలో 12 గ్రాములు, 50 గ్రాముల కందిపప్పులో లేదా పెసరపప్పులో 11, పాలు పెరుగు కలిపి 300 మిల్లీలీటర్లకు 10, గుప్పెడు పల్లీల్లో ఏడు, గుప్పెడు ఉడికించిన శనగల్లో ఆరు, బియ్యం, గోధుమల నుంచి మరో 15 వరకు వస్తాయి. ఇంతకుమించి ఏ పొడులూ కొననక్కర లేదు. మన ఇళ్లలో పప్పుచారు పేరుతో నలుగురికి చారెడు పప్పు వేసి, పప్పు తిన్నామనుకుంటాం. పప్పు చిక్కగా ఉండాలి. ఉదయం ఉప్మాకు బదులు పెసరట్టు, లేదా రెండు ఇడ్లీలతో ఒక ఉడికించిన గుడ్డు తింటే పదకొండు గంటలకు స్టాఫ్‌రూమ్‌లో బిస్కెట్ల వైపు చేయి వెళ్లదు.

అడగకపోయినా ఒక మాట చెబుతాను. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన అన్నం, పిల్లలు వదిలేసిన దోసె ముక్క పారేయలేక తినేసే అలవాటు మన ఇళ్లలో అమ్మలకే ఉంటుంది. అన్నం పరబ్రహ్మ స్వరూపమని పెరిగిన మనకు పారేయడం తప్పనిపిస్తుంది, ఆ భావాన్ని నేను గౌరవిస్తాను. దానికి మార్గం వండేటప్పుడే ఒక పిడికెడు తగ్గించి వండడం, మిగిలితే చల్లారబెట్టి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు పొద్దునకు వాడుకోవడం. మిగిలింది తినే బాధ్యత ఇంట్లో ఒక్కరిదే కాకూడదని మీవారికి, పిల్లలకు చెప్పండి. అలాగే శనివారం ఒక్కపొద్దు ఉండే అలవాటుంటే ఉండండి, కానీ ఆ రాత్రి ఫలహారం పేరుతో నాలుగు పూరీలు తింటే ఉపవాసం వల్ల తగ్గిందేమీ ఉండదు.

రాత్రి భోజనం ఎనిమిదిలోపు ముగిస్తే మంచిది. ట్యూషన్ల వల్ల కుదరకపోతే తొమ్మిదిన్నరకైనా కొద్దిగా తినండి, ఆ తర్వాత టీవీ ముందు మిక్చర్ మాత్రం వద్దు. ఏడు గంటల నిద్ర తప్పనిసరి. నిద్ర చాలని మర్నాడు తీపి, నూనె పదార్థాల మీదకు మనసు పోవడం శరీర ధర్మమే.

వ్యాయామానికి మోకాళ్ల నొప్పి అడ్డు కాదు. చదునైన నేల మీద పది నిమిషాల చొప్పున రోజుకు రెండుసార్లు నడక మొదలుపెట్టి, వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచుతూ వారం మొత్తానికి 150 నిమిషాలకు చేరండి. వారానికి రెండు రోజులు కండరాలకు పని చెప్పాలి. కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం పదిసార్లు, గోడకు చేతులు ఆనించి ముందుకు వంగి లేవడం పదిసార్లు, లీటరు నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని పైకెత్తడం చాలు. తొడ కండరాలు గట్టిపడితే మోకాలి నొప్పి కూడా తగ్గుతుంది. కాటా కదలడం లేదని నడక ఆపేసేవారిని చూసి నేను బాధపడతాను. చెన్నైలో నడిచిన భారతీయ మధుమేహ నివారణ అధ్యయనం 2006లో వెలువడింది. అందులో ఆహారం, నడక మార్చుకున్నవారి బరువు పెద్దగా తగ్గకపోయినా మధుమేహం వచ్చే అవకాశం 28 శాతానికి పైగా తగ్గింది.

థైరాయిడ్ లోపం వల్ల పెరిగే బరువు సాధారణంగా కొద్ది కిలోలే, అందులోనూ ఎక్కువ భాగం ఉప్పు, నీరు. మాత్ర సరిగ్గా పనిచేస్తోందా అన్నది చూడాలి. నిద్ర లేవగానే పరగడుపున నీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట వరకు టీ, కాఫీ తాగకండి. ఐరన్, కాల్షియం మాత్రలు వాడుతుంటే నాలుగు గంటల ఎడం ఇవ్వండి. మాత్ర మోతాదు మీరే పెంచుకుంటే బరువు తగ్గరు సరికదా, గుండె దడ మొదలవుతుంది. థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్‌తో పాటు మూడు నెలల సగటు షుగర్‌ను తెలిపే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, కాలేయ పరీక్షలు, హిమోగ్లోబిన్, బీ12 ఒకసారి చేయించుకోండి.

ఇక ఇంజెక్షన్. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ మంచి మందులే. ఆకలిని తగ్గిస్తాయి, వాటితో గణనీయంగా బరువు తగ్గడం నిజమే. వారానికోసారి తీసుకునే ఈ ఇంజెక్షన్లను బరువు తగ్గడం కోసం 2025 నుంచి మన దేశంలోనూ రాస్తున్నాం. బీఎమ్‌ఐ ప్రకారం మీకు రాయడానికి వీలుంటుంది. అయితే వికారం, వాంతులు, మలబద్ధకం రావచ్చు, కండ కూడా కరగవచ్చు. సెమాగ్లూటైడ్ ఆపిన ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్టు పరిశోధనలో తేలింది. ఒకసారి ఆ అనుభవం పడ్డారు కాబట్టి, ఆహారం, కండరాల వ్యాయామం అలవాటు కాకుండా ఇంజెక్షన్ మొదలుపెట్టడం నాకు సమ్మతం కాదు. ఆరు నెలలు పైన చెప్పినట్టు చేసినా నాలుగు కిలోలు తగ్గకపోతే, లేదా పరీక్షల్లో షుగర్ బయటపడితే, ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల వైద్య నిపుణుణ్ని) కలిసి మాట్లాడండి. కుటుంబంలో ఎవరికైనా మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ అనే అరుదైన రకం క్యాన్సర్ ఉన్నా, మీకు గతంలో క్లోమగ్రంథి వాపు వచ్చినా ముందే చెప్పాలి. ఆడపడుచు దగ్గర నుంచి తెప్పించుకుని వేసుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

బరువు వారానికి ఒక్కసారే, ఒకే రోజు ఉదయం, కాలకృత్యాలయ్యాక చూసుకుని నోటుపుస్తకంలో రాసుకోండి. నెలసరి ముందు కిలో, కిలోన్నర పెరిగినట్టు కనిపిస్తే అది నీరే. నెలకోసారి నడుము కొలత కూడా రాయండి. మెట్లెక్కేటప్పుడు ఛాతీ బరువెక్కినా, ఆయాసం వచ్చినా, గట్టి గురకతో పాటు పగలు నిద్ర ముంచుకొస్తున్నా ఆలస్యం చేయకుండా వైద్యుణ్ని కలవండి. వేగంగా బరువు తగ్గినవారిలో పిత్తాశయంలో రాళ్లు ఏర్పడుతుంటాయి. మీరు మూడు నెలల్లో 11 కిలోలు తగ్గినవారు కాబట్టి, భోజనం తర్వాత కుడివైపు పక్కటెముకల కింద నొప్పి ఎప్పుడైనా వస్తుంటే దాన్ని గ్యాస్ అనుకుని వదిలేయకుండా కడుపు స్కానింగ్ చేయించుకోండి.