బృహద్ధమని ఇరుకుకు చిన్నప్పుడే ఆపరేషన్ అయితే, పెద్దయ్యాక కూడా పరీక్షలు అవసరమా?

అవసరమే, జీవితాంతం. బృహద్ధమని అంటే గుండె నుంచి ఒంటికంతా రక్తం తీసుకెళ్లే ప్రధాన ధమని; కొందరికి అది పుట్టుకతోనే ఒకచోట సన్నగా ఉంటుంది. ఆపరేషన్ ఆ ఇరుకును తొలగిస్తుంది కానీ రక్తనాళాల స్వభావాన్ని మార్చదు. పుట్టుకతో ఈ లోపం ఉన్న చాలామందిలో తలకు, చేతులకు రక్తం తీసుకెళ్లే ధమనుల గోడలు తగినంత సాగవు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ వచ్చే తాకిడిని సాగి ఇముడ్చుకోవలసిన గోడలు బిగుసుగా ఉంటే రక్తపోటు పెరుగుతుంది. పైగా బాగుచేసిన చోట నాళం మళ్లీ సన్నబడవచ్చు, లేదా బలహీనపడి బుడగలా ఉబ్బవచ్చు. ఇవి ఏళ్ల తరబడి నొప్పి లేకుండానే ముదురుతాయి, అదే అసలు ప్రమాదం.

ఉదాహరణకు, బెంగళూరు మారతహళ్లిలో పనిచేసే 28 ఏళ్ల యువకుడిని ఊహించుకోండి. ఆఫీసు వైద్య శిబిరంలో ఎడమ చేతికి రక్తపోటు చూసే పట్టీ చుట్టి, 118/76 అని రాసి పంపారు. వీపున ఎడమ రెక్క ఎముక కింద వంపు తిరిగిన పాత మచ్చ చొక్కా చాటున ఉండిపోయింది. పసితనంలో ఎడమ చేతి ధమనినే కోసి, దానితో ఇరుకును వెడల్పు చేశారు. కాబట్టి ఆ చేతిలో అంకె తక్కువే చూపిస్తుంది. కుడి చేతికి చూస్తే పై అంకె 152! దయచేసి కుడి చేతికే చూడమని మీరే అడగండి. కాలి రక్తపోటుతో పోల్చి చూస్తే ఇంకా మంచిది.

‘ఎకో (గుండె అల్ట్రాసౌండ్ పరీక్ష) బాగుంది, ఇక భయం లేదు’ అన్నది ఎక్కువమందికి ఉన్న అపోహ. పెద్దవారిలో బాగుచేసిన ఆ భాగం ఎకోలో తరచు స్పష్టంగా కనిపించదు. అందుకే కొన్నేళ్లకోసారి ఎంఆర్‌ఐ గానీ సీటీ గానీ తీయిస్తారు.