అవార్డుల మీద వీడియో పెట్టిన మా మేనల్లుడికి

ఒరే బుజ్జీ,

గద్దర్ అవార్డులు తప్పు మనుషులకిచ్చారని నువ్వు పెట్టిన వీడియో చూశాన్రా. మీ అత్త ఫోన్లో పెట్టి చూపించింది, రెండోసారి సౌండ్ తగ్గించి చూశా, ఎందుకంటే మొత్తం అరుపులే. నిన్న ఫోన్ చేసి అడిగావు కదా, మావయ్యా నేనేం తప్పన్నాను, జనం ఎందుకిలా తిడుతున్నారు, నువ్వు నాటకాలకి జడ్జిగా కూర్చున్నవాడివి నువ్వే చెప్పు అని. ఫోన్లో చెప్తే మధ్యలో అడ్డం పడతావు, అందుకే ఇలా రాస్తున్నా. టైపింగ్ తప్పులుంటే సర్దుకో, కళ్ళజోడు మార్పించాలి, రేపూ ఎల్లుండీ అంటూ నెల్రోజులైపోయింది.

ముందు అసలు సంగతి. 2025 జూన్ 14న హైదరాబాద్ హైటెక్స్‌లో తెలంగాణ ప్రభుత్వం గద్దర్ సినిమా అవార్డులిచ్చింది, 2024కి ఉత్తమ చిత్రం కల్కి, ఉత్తమ నటుడు పుష్ప 2కి అల్లు అర్జున్, ఉత్తమ నటి నివేదా థామస్, 35 చిన్న కథ కాదు సినిమాకి. ఇందులో నువ్వు ఎక్కువ రెచ్చిపోయింది ఆ అమ్మాయి దగ్గర. "ఆ సినిమా ఎవడు చూశాడు" అన్నావు. మరి నువ్వు చూశావా అంటే నిన్న నసిగావు, ట్రైలర్ చూశా మావయ్యా అన్నావు. ట్రైలర్ చూసి ఉత్తమ నటి ఎవరో తేల్చేశావంటే ఇంక జ్యూరీ ఎందుకురా, నిన్నొక్కణ్ణే కూర్చోబెడితే ప్రభుత్వానికి భోజనాల ఖర్చన్నా మిగిలేది. నీకు తగ్గ తిట్లే పడ్డాయి, ఆ అమ్మా అక్కల వరకూ పోయినవి తప్ప.

నేను చూశాను ఆ సినిమా. తిరుపతిలో కథ, భర్త బస్ కండక్టరు, ఈవిడ టెన్త్ తప్పి ఇంట్లో ఉండిపోయిన మనిషి, కొడుక్కి లెక్కల్లో 35 రావడం లేదు, ఆ పిల్లాడి కోసం తనే మళ్ళీ పుస్తకం పట్టుకుంటుంది. నాకు నచ్చింది. నీకు నచ్చకపోవచ్చు, అది నీ ఇష్టం, కానీ నచ్చలేదు అని చెప్పే అర్హత రెండున్నర గంటలు కూర్చుంటేనే వస్తుంది, దానికి షార్ట్‌కట్ లేదు.

ఇంకోటి, ఏ అవార్డుకి ఏది కొలతో తెలుసుకోకుండా నోరు విప్పకు. 2023 ఆగస్టులో నేషనల్ అవార్డులు వచ్చినప్పుడు మన వైజాగ్ బీచ్ రోడ్డు బ్యాచ్ ఎంత గోల చేశారో. పొద్దున్నే నడక అయ్యాక కురుసుర సబ్‌మెరైన్ ఎదురుగా గట్టు మీద కూర్చుంటాం కదా, అక్కడ ఒకాయన, బీహెచ్‌పీవీ ఫ్యాక్టరీలో రిటైరయ్యాడు, పేపరు కొట్టి మరీ చెప్తున్నాడు, "ఇవి 2021 అవార్డులంటున్నారు, ఆర్ఆర్ఆర్ వచ్చింది 2022 మార్చిలో, మరి ఆరు అవార్డులెలా ఇస్తారు, మోసం కాదా" అని. అందరూ తలాడించేశారు, లాజిక్ అలా ఉంది మరి. తీరా చూస్తే నేషనల్ అవార్డులకి లెక్క రిలీజ్ డేట్ కాదు, సెన్సార్ సర్టిఫికెట్ ఏ ఏడాది వచ్చిందో అది. ఆర్ఆర్ఆర్ 2022 సంక్రాంతికి రావాల్సిన సినిమా, సెన్సార్ 2021లోనే అయిపోయింది, తర్వాత కరోనా వల్ల వాయిదా పడింది. అంతే సంగతి. ఆయన మర్నాడు ఆ టాపిక్ ఎత్తకుండా షుగర్ గురించి మాట్లాడాడు.

అదే రోజు ఇంకో వాదన. ఉత్తమ నటుడి అవార్డు 1968లో మొదలైతే తెలుగు హీరోకి రావడానికి అన్నేళ్ళు పట్టింది, అల్లు అర్జునే మొదటివాడు. దానికి సంతోషపడాలో ఏడవాలో తెలీక ఒకాయన "ఎస్వీ రంగారావుకే ఇవ్వలేదు, ఈ కుర్రాడికా" అన్నాడు. రంగారావుకి ఇవ్వకపోవడం ఈ కుర్రాడి తప్పెలా అవుతుందో నాకిప్పటికీ అర్థం కాలేదు. నర్తనశాలలో కీచకుడికి ఇండోనేషియాలో అవార్డిచ్చారు, మన నేషనల్ ఉత్తమ నటుడి అవార్డు మాత్రం ఆయనకి రాలేదు, ఆ బాధ నిజమే, నాకూ ఉంది. కానీ ఆ బాకీ ఈయన ఖాతాలో రాయకూడదు కదా. నువ్వూ అదే చేశావు వీడియోలో, మీ హీరోకి పదేళ్ళ క్రితం రావాల్సింది రాలేదని ఇప్పుడొచ్చినవాళ్ళ మీద పడ్డావు.

ఆస్కార్ పొద్దున గుర్తుందా, 2023 మార్చి 13. మనకి ఐదున్నరకే మొదలైంది, మా ఫ్లాట్లో ఎనిమిదిమంది పోగయ్యారు, మీ అత్త టీవీ చూస్తూ పాలు పొంగించేసి గిన్నె మాడబెట్టింది. నాటు నాటుకి కీరవాణి, చంద్రబోస్ స్టేజి ఎక్కారు, మేం చప్పట్లు కొడుతుంటే పక్క ఫ్లాట్ మేష్టారు మూతి ముడుచుకుని, "కీరవాణి ఇంతకంటే గొప్ప పాటలు ఎన్ని చేశాడు, అన్నమయ్య ముందు ఇదెంత" అన్నారు. ఆ మాట నిజమే. నాకూ అన్నమయ్యే ఇష్టం, దానికి ఆయనకి నేషనల్ అవార్డు వచ్చింది కూడా. కానీ ఆ పొద్దున పోటీ నాటు నాటుకీ అన్నమయ్యకీ కాదు. పక్కనున్నవి నాలుగు పాటలు, లేడీ గాగా టాప్ గన్ పాట, రియానా బ్లాక్ పాంథర్ పాట, ఇంకో రెండు. ఆ నాలుగూ విని, వాటిలో ఫలానాది దీనికంటే మేలు అని మేష్టారు అంటే అది అభిప్రాయం. లేకపోతే ఉత్త నిట్టూర్పు. "డాన్స్ వల్లే కదా పాట నిలబడింది, మరి డాన్స్ మాస్టర్‌కేదీ" అని మా వాచ్‌మన్ అడిగాడు, చూశావా, అది ప్రశ్నంటే. ఆస్కార్లో ఆ కేటగిరీయే లేదు. మన నేషనల్ అవార్డుల్లో ఉంది, అదే సినిమాకి ప్రేమ్ రక్షిత్‌కి తర్వాత వచ్చింది. ఆ స్టేజి మీద పాటకి డాన్సాడినవాళ్ళలో మనవాళ్ళు లేరేంటని చాలామంది అడిగారు, అది కూడా న్యాయమైన మాటే. వేడుక మీద కోపం వేరు, గెలిచిన పాట మీద కోపం వేరు, రెంటినీ కలిపి పులుసు పెట్టకు.

నువ్వు చాలా ఈజీగా అనేసిన మాట ఒకటుంది, "జ్యూరీ అమ్ముడుపోయింది". రుజువుందా నీ దగ్గర? లేదు. మరెందుకన్నావు? నీకు నచ్చినది రాలేదు కాబట్టి. బాబూ, ఆ కుర్చీలో నేను కూర్చున్నాను, చిన్న కుర్చీయే అనుకో, నాటిక పోటీలకి. పోర్టులో పన్జేసే రోజుల్లో మా డ్రామా ట్రూప్ వల్ల నాలుగూళ్ళలో నా పేరు తెలిసి పిలిచేవాళ్ళు. ముగ్గురం ఉండేవాళ్ళం. నాకు మొదటిది ఆయనకి నాలుగోది, ఆయనకి మొదటిది నాకు ఐదోది, మూడో ఆయనకి అసలు ఏదీ నచ్చదు. రాత్రి రెండింటికి కొట్టుకుని కొట్టుకుని చివరికి ముగ్గురికీ రెండోదిగా ఉన్న నాటికకి ప్రైజ్ ఇచ్చేవాళ్ళం. పొద్దున్నే జనం అనేవాళ్ళు, వీళ్ళు డబ్బు తిన్నారు అని. మేం తిన్నది ఉప్మా, అదీ చల్లారిపోయింది. ఆస్కార్లో బెస్ట్ పిక్చర్‌కి కూడా ఓటేసేవాళ్ళు ఒకటి, రెండు, మూడు అని వరస పెట్టి రాయాలి, అందుకే ఒక్కోసారి ఎవరికీ ప్రాణం కాని సినిమా, ఎక్కువమందికి ఫర్వాలేదనిపించిన సినిమా గెలుస్తుంది. అది లోపమంటే లోపమే, అను. దొంగతనం అనకు.

అలాగని జడ్జిలు తప్పు చెయ్యరని కాదు. ఇది ఎవరికీ చెప్పలేదు, మీ అత్తకి కూడా.

1987లోనో 88లోనో, ఊరి పేరొద్దులే, మూడ్రోజుల పరిషత్తు, అంటే నాటిక పోటీలు. రెండోరోజు రాత్రి ఆఖరి నాటిక, మత్స్యకారుల ఇంట్లో కథ, కొడుకు వెళ్ళిన పడవ రాలేదని కబురొస్తుంది. నా ముందు మార్కుల కాయితం, నటనకింత, రచనకింత, ఆహార్యానికింత, రంగాలంకరణకింత అని గళ్ళు. కబురు చెప్పే కుర్రాడు డైలాగ్ బాగా చెప్పాడు, నేను వాడికి మార్కులేసి, కూడిక సరిపోయిందా లేదా అని చూసుకుంటున్నా. తల్లి వేషం వేసినావిడ ఏడవలేదు, గొల్లుమనలేదు, నాకేమో బ్లాంక్‌గా అనిపించింది, మామూలు మార్కులేశా. ఉత్తమ నటి ఇంకో నాటికలో బావురుమన్న ఆవిడకిచ్చాం.

ప్రైజులయ్యాక గోల మామూలే. "అమ్ముడుపోయారు", "కులపోళ్ళకిచ్చుకున్నారు", ఎవరో చెప్పు కూడా విసిరాడు, తగల్లేదు. వాళ్ళలో ఒక్కడి మొహం కూడా ఇప్పుడు గుర్తులేదు. కానీ వైర్లు చుట్టుకుంటున్న మైకు సెట్టు అతను నేను జీపెక్కబోతుంటే వచ్చి, మెల్లిగా అన్నాడు, "అయ్యా, కొడుకు కబురిన్నాక ఆయమ్మ సేతిలో సొక్కా సూసినారా? మడత ఎడతా ఉంది కదా, కబురిన్నాక కూడా ఆపలేదు. అదే సొక్కా ఇప్పింది, మళ్ళా మడతెట్టింది. మూడోపాలి గుండీలన్నీ ఎట్టి మడతెట్టింది. తమరప్పుడు కాయితం సూసుకుంటన్నారు."

అంతే. తిట్టలేదు, ఆవిడకే ప్రైజ్ రావాలి అని కూడా అనలేదు. నాకు జీపులో ఊపిరాడలేదు. గుండీలు పెట్టింది చూశావా, పిల్లాణ్ణి బడికి పంపేటప్పుడు పెట్టినట్టు. అది నేను చూడలేదు. జడ్జినై ఉండి చూడలేదు. దగ్గర దగ్గర నలభై ఏళ్ళయింది, ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా బట్టలు మడతపెడుతుంటే అది గుర్తొస్తుంది.

అందుకని, నువ్వు మళ్ళీ వీడియో చేస్తే ఆ మైకు సెట్టు అతనిలా చెయ్యి. మీ హీరోయిన్‌కి రావాలంటావా, ఏ సినిమాలో, ఏ సీన్లో, ఆవిడ చేత్తో ఏం చేసింది, కళ్ళతో ఏం చేసింది, అది చెప్పు. ఒక్క సీన్ చాలు. తర్వాత గెలిచినావిడ సీన్ ఒకటి చెప్పు. రెండూ పక్కపక్కన పెట్టు, చూసేవాడు వాడే తేల్చుకుంటాడు. ఎవరికి రావాలో చెప్పినప్పుడు ఎవరి బదులు రావాలో కూడా చెప్పే ధైర్యం ఉండాలి, "అందరూ గొప్పే కానీ మావాడికి రావాల్సింది" అనేది గోడమీద పిల్లి వాటం.

ఆడవాళ్ళు గెలిస్తే చీర గురించీ, లావు గురించీ ఒక్క ముక్క మాట్లాడినా నేను అన్‌సబ్‌స్క్రైబ్ చేస్తా, మీ అమ్మకి కూడా చెప్తా. ఫంక్షన్ అవ్వకముందే పోస్ట్ పెట్టకు. 2017లో ఆస్కార్లో కవర్ మారిపోయి లా లా ల్యాండ్ అని చదివేశారు, వాళ్ళు స్టేజి ఎక్కి థాంక్యూలు కూడా చెప్పేశాక తెలిసింది గెలిచింది మూన్‌లైట్ అని. అప్పటికే ఎంతమంది తిట్లు టైప్ చేసేసి ఉంటారో. ఇక టీవీ వాళ్ళు తర్వాతెప్పుడో వేసే ఫంక్షన్లలో హీరో నవ్వడం, మొహం మాడ్చుకోవడం చూసి కథలల్లకు, ఆ షాట్ ఎక్కడిది ఎక్కడ అతికిస్తారో వాళ్ళకే తెలియాలి.

మన వైపు సంగతి కూడా నువ్వు మాట్లాడొచ్చు, అది ఎవరూ మాట్లాడట్లేదు. 1964 నుంచి నంది అవార్డులుండేవి, లేపాక్షి బసవన్న పేరుమీద, బంగారు నంది వెండి నంది అని. ఉగాది వస్తే ఎవరికొచ్చిందా అని జగదాంబ జంక్షన్లో టీ కొట్ల దగ్గర మాకదే చర్చ. 2017 నవంబర్లో మూడేళ్ళవి ఒకేసారి ప్రకటించి గొడవలైపోయి ఆగాయి. పాట రాసినందుకు నేషనల్ అవార్డు తెలుగులో మొదట తెచ్చింది ఎవరనుకున్నావు, మన విశాఖలో పుట్టిన శ్రీశ్రీ, 1974లో అల్లూరి సీతారామరాజు సినిమాకి రాసిన తెలుగు వీర లేవరాకి. మన పక్కనే అనకాపల్లిలో పెరిగిన సిరివెన్నెలకి 11 నందులు. ఇంత ఉన్న ఊళ్ళో కూర్చుని నువ్వు ఫ్యాన్స్ కొట్లాటలు పెట్టుకుంటున్నావు.

ఆ పాత వీడియో తీసెయ్యాలా అని అడిగావు. తీసెయ్యకు, ఉంచు. కింద ఒక లైను రాయి, సినిమా చూడకుండా మాట్లాడాను, చూశాక మళ్ళీ చెప్తాను అని. కొందరు ఇంకా తిడతారు, తిట్టనీ.

ఆదివారం వస్తానన్నావుగా, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ 35 సినిమా పెట్టుకుందాం. నేను పెన్నూ కాయితం పట్టుకోను. నువ్వూ ఫోను మీ అత్త చేతికిచ్చెయ్యి. వచ్చేటప్పుడు మీ అమ్మని అడిగి మా స్టీలు డబ్బా పట్రా, ఆవకాయ ఇచ్చినప్పటిది, మీ అత్త ఇప్పటికి నాలుగుసార్లు అడిగింది.

మీ మావయ్య