బేస్‌ని పాడనివ్వు అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ,

నువ్వు పంపిన డెమోలు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తీరిగ్గా విన్నాను. పాటలు బాగున్నాయిరా, పాడే అబ్బాయి గొంతు ఈ తరహా మ్యూజిక్‌కి చక్కగా సరిపోయింది. కానీ బ్యాండ్ ఒక పక్క వాయిస్తోంది, లాప్‌టాప్ ఇంకో పక్క వాయిస్తోంది, ఒకళ్ల మాట ఒకళ్లు వింటున్నట్టు లేదు. పోస్ట్ పంక్‌లో (పంక్ రాక్ తర్వాత పుట్టిన రాక్ తరహా) ఎలక్ట్రానిక్ కలిపి ఆల్బం చేస్తామంటున్నావు కాబట్టి స్టూడియో బుక్ చేసేముందు అందరూ కూర్చుని న్యూ ఆర్డర్ అనే ఇంగ్లిష్ బ్యాండ్ వాళ్ల 'పవర్, కరప్షన్ అండ్ లైస్' మొదట్నుంచి చివరిదాకా వినండి, ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు.

1983 మే నెలలో వచ్చిన ఆల్బం అది. వాళ్లది మాంచెస్టర్. 1980లో గాయకుడు ఇయాన్ కర్టిస్ చనిపోయాక జాయ్ డివిజన్‌లో మిగిలిన ముగ్గురూ పేరు మార్చుకుని, కీబోర్డ్ వాయించే జిలియన్ గిల్బర్ట్‌ని కలుపుకుని మళ్లీ మొదలెట్టారు. 1981లో మార్టిన్ హానెట్ ప్రొడ్యూస్ చేసిన మొదటి ఆల్బం వింటే ఇంకా పాత బ్యాండే వినపడుతుంది, ఆ దుఃఖం కూడా. రెండోదైన ఈ ఆల్బంకి ఇంకొకళ్లని పెట్టుకోలేదు, లండన్‌లో బ్రిటానియా రో స్టూడియోలో కూర్చుని వాళ్లే ప్రొడ్యూస్ చేసుకున్నారు.

ఇప్పుడు నీకు చెప్పాలనుకున్న అసలు సంగతి. మొదటి పాట 'ఏజ్ ఆఫ్ కన్సెంట్' పెట్టు. మొదలవ్వడమే బేస్ గిటార్‌తో మొదలవుతుంది, అదీ కింద ఎక్కడో గుడుగుడుమనే బేస్ కాదు, పైతీగల మీద పాటలా పాడే బేస్. వాళ్ల బేసిస్ట్ పీటర్ హుక్‌కి ఆ అలవాటు జాయ్ డివిజన్ రోజుల్లోనే వచ్చింది, పక్కన గిటార్ యాంప్ హోరులో తన బేస్ తనకే వినపడక గిటార్ మెడ మీద పై స్వరాల దగ్గరికి ఎక్కి వాయించేవాడు, అలా వాయిస్తే వినపడింది. తర్వాత సింథ్‌లు (సింథసైజర్లు, ఎలక్ట్రానిక్ కీబోర్డులు) వచ్చి కింది స్వరాలు చూసుకోవడం మొదలెట్టాక ఆ పైబేస్‌కి ఇంకా చోటు దొరికింది. నీ డెమోల్లో జరిగింది దీనికి రివర్స్, సింథ్ వాయించే కింది స్వరాలే మీ బేసిస్టూ వాయిస్తున్నాడు, రెండూ ఒకే చోట కొట్టుకుని బురదలా అయిపోయింది. కింద మెషీన్‌ని ఉండనివ్వు, మీవాడిని పన్నెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డగీతల్లో పన్నెండోది) దగ్గరికి పొమ్మను, కొంచెం కోరస్ పెడల్ (ఒక్క వాయిద్యాన్ని నాలుగైదులా నిండుగా వినిపించేది) వేసుకోమను. ఈ ఒక్క మార్పు చేస్తే సగం మిక్స్ దానంతట అదే సర్దుకుంటుంది చూడు.

డ్రమ్మర్ అలిగాడని రాశావు, అలగడా మరి, వాడు లేనప్పుడు నువ్వు లూపులు (మళ్లీ మళ్లీ తిరిగే రెడీమేడ్ డ్రమ్ ముక్కలు) పెట్టేస్తే. న్యూ ఆర్డర్‌లో స్టీఫెన్ మారిస్ కూడా డ్రమ్మరే, డ్రమ్ మెషీన్లంటే అంతే ఇష్టపడ్డాడు, వాటిని తన చేత్తోనే ప్రోగ్రామ్ చేశాడు. నువ్వూ ఆ పని డ్రమ్మర్‌కే అప్పజెప్పు, ఏ దెబ్బ మెషీన్ కొట్టాలో ఏది తను కొట్టాలో వాణ్నే తేల్చుకోమను.

ఇంకోటి, అన్నీ గ్రిడ్‌కి (కంప్యూటర్‌లో తాళం గీతలకి) లాగేయకు. అదే ఏడాది మార్చిలో వచ్చిన 'బ్లూ మండే' (ఇంగ్లండ్‌లో వచ్చిన అసలు ఆల్బంలో ఇది లేదు, సింగిల్‌గా విడిగా వచ్చింది) ప్రోగ్రామ్ చేసేటప్పుడు జిలియన్ నోట్లన్నీ కాగితాల మీద రాసి టేపుతో అతికించుకుని ఒక్కోటీ చేత్తో ఎక్కించింది, అందులో ఒక నోట్ జారిపోయి సింథ్ మెలొడీ బీట్ నుంచి కాస్త పక్కకి జరిగింది, దాన్ని అలాగే ఉంచేశారు, ఇప్పటికీ ఆ పాటలో ఊపు అక్కడే ఉందని నా నమ్మకం. మీ గిటారిస్ట్ రెండో పాటలో కొంచెం ముందుకి తోస్తున్నాడు చూడు, అది నాకు బాగా నచ్చింది, దయచేసి క్వాంటైజ్ చేయకు, అంటే ఆ గీతలకి లాగేయకు.

పాటల వరస కూడా ఆలోచించు. వాళ్లవి ఎనిమిదే పాటలు, మొత్తం కలిపి 42 నిమిషాలు. మొదటి పాటా, చివరి 'లీవ్ మీ అలోన్' కూడా చేతుల్తో వాయించిన బ్యాండ్ పాటలే, మెషీన్లు ఎక్కువగా నడిపేవన్నీ మధ్యలో ఉంటాయి. 'యువర్ సైలెంట్ ఫేస్'లో సీక్వెన్సర్ (ముందే ఎక్కించిన స్వరాల్ని వాయించే మెషీన్) నడుస్తుంటే పాడే బెర్నార్డ్ సమ్నర్ మెలోడికా ఊదుతాడు, స్కూల్ పిల్లలు ఊదుకునే ఆ చిన్న వాయిద్యం అంత పెద్ద సింథ్‌ల మధ్య ఎంత నిండుగా వినిపిస్తుందో, నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. మీ పద్నాలుగు పాటల్లోంచి ఎనిమిదో తొమ్మిదో ఉంచుకో.

లైవ్ గురించి కూడా ముందే అనుకోండి. అప్పట్లో బీబీసీ 'టాప్ ఆఫ్ ది పాప్స్'లో చాలామంది రికార్డు పెట్టుకుని పెదాలు కదిపేవాళ్లు, వీళ్లు పట్టుబట్టి బ్లూ మండే లైవ్‌గా వాయించారు, రికార్డులో ఉన్నట్టు రాలేదు, అయినా వాయించారు. లాప్‌టాప్ ఆగిపోతే పాట ఎవరు పట్టుకుంటారో జామ్ రూమ్‌లోనే తేల్చుకుని, నెలకోసారైనా ప్లగ్ పీకేసి వాయించి చూడండి.

వచ్చే వారంలోగా రెండో పాట బేస్ ట్రాక్ ఒక్కటే విడిగా పంపు, పైతీగల మీద వాయించింది. సింథ్ ఫైల్ కూడా వేరుగా పెట్టు, కింద ఏ ఫ్రీక్వెన్సీ కోయాలో నేను చూసి చెప్తాను. అక్కని అడిగానని చెప్పు.

మీ మామయ్య