వాదనలో ఏ మాటకు ఏ రుజువు అడగాలి

చిరంజీవి అమ్మలుకి ఆశీస్సులు.

వ్యాసం చదువుతున్నంతసేపూ ప్రతి వాక్యమూ సబబుగానే ఉంటుందనీ, చివరికి వచ్చేసరికి మాత్రం ఎక్కడో తేడా కొట్టినట్టుంటుందనీ రాశావు. నీ అనుమానం సరైనదే. వాదన రాసేవాళ్లు ఒకే పేరాలో నాలుగైదు రకాల మాటలు కలిపేస్తారు. ఏ రకం మాటకు ఆ రకం రుజువు కావాలి. ఒకదానికి చూపిన రుజువును పక్కదానికి కూడా జమకట్టేస్తే నువ్వన్న తేడా వస్తుంది.

ఉదాహరణకి ఒక పేరా రాస్తున్నాను, నెమ్మదిగా చదువు.

"పిల్లలు ఫోను చూసే సమయం రెండేళ్లలో బాగా పెరిగింది. ఫోన్ల వల్లే వాళ్లు చదువులో వెనకబడుతున్నారు. ఇది ముమ్మాటికీ వ్యసనమే. పసితనాన్ని తెరకు అప్పగించడం కంటే ఘోరం ఇంకేముంటుంది? కాబట్టి పదహారేళ్ల లోపు వాళ్లకి ఫోను నిషేధించాలి."

అయిదు వాక్యాలు, అయిదు రకాలు. మొదటిది వాస్తవం గురించిన మాట, రెండోది కారణం, మూడోది నిర్వచనం, నాలుగోది విలువ, అయిదోది ఏం చెయ్యాలన్నది. నాలుగో వాక్యం ప్రశ్న రూపంలో ఉంది కదా అని వదిలెయ్యకు. "ఎవరికి తెలియదు?", "ఇంతకంటే ఏం కావాలి?" లాంటివి కూడా ప్రతిపాదనలే. ప్రశ్నగా రాస్తే రుజువు అడగాలన్న ఆలోచన చదివేవాడికి రాదు. అందుకని అలాంటిది కనబడగానే మామూలు వాక్యంగా మార్చి రాసుకో: "ఇది అన్నిటికంటే ఘోరం." అప్పుడు దాని బరువెంతో తెలుస్తుంది.

వాస్తవం గురించిన మాటను పరీక్షించడం మిగతావాటికంటే తేలిక. ఎవరు కొలిచారు, దేనితో కొలిచారు, ఎప్పటితో పోల్చారు? ఫోను చూసిన సమయం పిల్లలు చెబితే రాసుకున్నదా, ఫోనులోనే నమోదైనదా? రెండూ ఒకటి కావు. "బాగా" అన్న మాటకు అంకె ఉందో లేదో కూడా చూడు.

కారణం దగ్గర ఎక్కువసేపు ఆగు, తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. "వల్ల" అని రాయాల్సినచోట "వల్లే" అని ఉంది, చూశావా? ఆ ఒక్క ఏత్వంతో "ఇదొక కారణం" కాస్తా "ఇదొక్కటే కారణం" అయిపోయింది. మొదటిదాన్ని నిలబెట్టడం కష్టమేం కాదు. రెండోదాన్ని నిలబెట్టాలంటే మిగతా కారణాలన్నిటినీ తోసిపుచ్చాలి. "డంతో" మీద కూడా ఒక కన్నేసి ఉంచు. "ధరలు పెరగడంతో అమ్మకాలు తగ్గాయి" అన్న వాక్యంలో ధరల మూలంగా తగ్గాయని ఉందా, ధరలు పెరిగిన రోజుల్లోనే తగ్గాయని ఉందా? రాసినవాళ్లు తేల్చరు, చదివేవాళ్లు కారణమనే అనుకుంటారు. అలాంటిచోట నాలుగు ప్రశ్నలు వేసుకో. కారణమన్నది ముందు జరిగిందా? అటుదిటు అయ్యే అవకాశం ఉందా, అంటే చదువులో వెనకబడ్డ పిల్లలే ఫోను పట్టుకుంటున్నారా? రెండింటినీ పుట్టించే మూడోది ఏదైనా ఉందా? మోతాదు పెరిగితే ఫలితమూ పెరుగుతోందా? సిగరెట్లకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం మీద 1950లో డాల్, హిల్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రచురించిన అధ్యయనానికి బలమిచ్చినవాటిలో ఈ నాలుగోది ఒకటి: తాగే సిగరెట్ల సంఖ్య పెరిగినకొద్దీ జబ్బు ముప్పూ పెరుగుతూ వచ్చింది.

నిర్వచనం గురించిన మాట వాస్తవంలా వేషం వేసుకుని వస్తుంది. 2006 ఆగస్టులో అంతర్జాతీయ ఖగోళ సంఘం ప్లూటోను గ్రహాల జాబితాలోంచి తీసేసింది. ఆ రోజు ప్లూటోలో మారిందేమీ లేదు, "గ్రహం" అన్న మాటకు షరతులు మారాయి. సూర్యుడి చుట్టూ తిరగాలి, దాదాపు గుండ్రంగా ఉండాలి, తన కక్ష్య పరిసరాల్ని ఖాళీ చేసుకుని ఉండాలి. ప్లూటో మూడో షరతు దగ్గర ఆగిపోయింది. కాబట్టి "ఇది వ్యసనమే" అని ఎవరైనా రాస్తే ముందు షరతులు అడుగు: ఏమేం ఉంటే వ్యసనం అంటున్నారు? ఆ తర్వాత ఒక్కొక్కటీ సరిపోతోందో లేదో చూడు. షరతులు చెప్పకుండా పేరు పెట్టారంటే, ఆ పేరుకున్న భయాన్ని వాడుకుంటున్నారని అనుమానించు.

విలువ గురించిన మాటలు అభిప్రాయాలే కదా, వాటితో వాదించలేం అనుకుంటారు చాలామంది. అది పొరపాటు. కొలబద్ద ఏమిటో, దేనితో పోల్చి అంటున్నారో అడగవచ్చు. అదే కొలబద్దను ఇంకోచోట కూడా వాడతారా అని అడగవచ్చు. ఘోరం అన్నది పిల్లల ఆరోగ్యాన్ని బట్టా, చదువును బట్టా, ఇంట్లో మాటామంతీ పోవడాన్ని బట్టా? ఒక్కోదానికి జవాబు ఒక్కోలా ఉంటుంది.

ఇక "చెయ్యాలి", "కూడదు" అని ముగిసే వాక్యాలు. ఇవి ఒంటరిగా నిలబడవు. సమస్య నిజంగా ఉండాలి, చెప్పిన కారణం సరైనది కావాలి, చేపట్టే పని ఆ కారణాన్ని తీసెయ్యాలి, ఆచరణలో సాధ్యం కావాలి, దానివల్ల వచ్చే నష్టం లాభాన్ని మించకూడదు. మన పేరాలో నిషేధం పనిచేస్తుందని ఒక్క ముక్క కూడా లేదు. మొదటి నాలుగు వాక్యాలూ పూర్తిగా నిజమే అనుకున్నా అయిదోది రుజువు కాదు. "ఉంది, లేదు" అంటూ సాగే రచన చడీచప్పుడు లేకుండా "ఉండాలి, ఉండకూడదు"లోకి జారిపోతుందని డేవిడ్ హ్యూమ్ అనే తత్వవేత్త 18వ శతాబ్దంలోనే ఎత్తిచూపాడు. ఆ జారే చోట పెన్సిలుతో అడ్డగీత పెట్టు.

రాయకుండా వదిలేసిన మాట కూడా ఒకటి ఉంటుంది. కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పు ఉంది అనడానికి, పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్న నియమం కావాలి. మన పాత తర్కశాస్త్రమైన న్యాయదర్శనంలో దాన్ని వ్యాప్తి అంటారు, ఉదాహరణతో సహా బయటికి చెప్పితీరాలి. ఇప్పటి వ్యాసాల్లో దాన్నే మింగేస్తారు. "కాబట్టి" కనబడగానే దాని ముందు వాక్యం, వెనక వాక్యం పక్కపక్కన రాసి, రెండింటినీ కలిపే నియమాన్ని నువ్వే పూరించు. చాలాసార్లు లోపం అక్కడే బయటపడుతుంది.

చేసే పద్ధతి ఇదీ. మొదటిసారి ఏ గుర్తూ పెట్టకుండా చివరిదాకా చదువు. రెండోసారి, ఏ వాక్యం తీసేస్తే మిగతాదంతా దేనికోసం రాశారో తెలియకుండా పోతుందో వెతుకు. ముఖ్య ప్రతిపాదన అదే, దాన్ని నీ మాటల్లో ఒక్క వాక్యంగా రాసుకో. అది మొదట్లోనే ఉండాలని లేదు, తెలుగు వ్యాసాల్లో తరచు చివరి పేరాలో ఉంటుంది. మూడోసారి ప్రతి వాక్యం పక్కన వా, కా, ని, వి, చే అని ఒక్కో అక్షరం వెయ్యి. రెండు రకాలు కలిసిన వాక్యానికి రెండక్షరాలూ వెయ్యి. "ఈ దారుణమైన ధరల పెరుగుదల" అన్న ముక్కలో వాస్తవమూ ఉంది, విలువా ఉంది. విశేషణాన్ని తీసేసి మళ్లీ చదివితే వాస్తవం విడిగా కనిపిస్తుంది.

"అన్నీ", "ఎప్పుడూ", "ఏ ఒక్కరూ" అన్న మాటల కింద గీత గియ్యి. వాటిని పడగొట్టడానికి ఒక్క ఎదురు ఉదాహరణ చాలు. "చాలావరకు", "సాధారణంగా" అన్నవాటికి ఒక్కటి చాలదు, ఎదుటివాళ్ల మీద ఆ పొరపాటు నువ్వూ చెయ్యకు. "నిపుణులు అంటున్నారు" దగ్గర మాత్రం ఏ నిపుణులు, ఏ విషయంలో నిపుణులు అని పక్కన రాసుకుంటే చాలు.

మొదట ఆరేడు వందల మాటల సంపాదకీయాలు రెండు తీసుకుని ఇలా గుర్తులు పెట్టు. నీతో ఏకీభవించేది ఒకటి, విభేదించేది ఒకటి. నచ్చినదాంట్లో "వా" అని వేసిన చోట్లన్నీ మళ్లీ ఒకసారి చూడు, వాటిలో కొన్ని "వి"లు అయ్యుంటాయి. రెండు కాగితాలూ నాకు పంపు, గుర్తులు సరిచూసి పంపుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న